అంటే తాతగారు

ప్రతిరోజూ పొద్దున్నే అనంతపద్మనాభం గారు అంకమ్మరావు టీ బడ్డీ ముందున్న బల్ల మీద కూర్చుని, దినపత్రికలోని పొడి అక్షరాలన్నిటినీ పేరుపేరునా నిద్రలేపేవారు. రెండక్షరాల్లోనో మూడక్షరాల్లోనో ముడుచుకుని పడుకున్న మాట ఏది కనబడినా సరే, దాన్ని లేపి, కాళ్ళూ చేతులూ చాపించి, నిండుగా పలికితే తప్ప తరువాతి మాట దగ్గరికి వెళ్ళేవారు కాదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. తక్కిన అన్ని విషయాల్లోనూ మనందరిలాంటి మనిషే.

“ఎంపీడీవో గారు గ్రామంలో పర్యటించి” అని పత్రికలో ఉంటే, ఆయన గొంతు సవరించుకుని, “మండల పరిషత్తు అభివృద్ధి అధికారి గారు గ్రామంలో పర్యటించి” అని చదివేవారు.

“పంతులుగారూ, మీరు ఆ ఆఫీసరు పేరు చదవడం పూర్తయ్యేలోపు ఆయన ఊరంతా తిరిగి ఇంటికెళ్ళిపోయుంటాడండీ,” అనేవాడు అంకమ్మరావు, పాలగిన్నెలో గరిటె తిప్పుతూ.

“వెళ్ళనీరా. ఎవరొచ్చి వెళ్ళారో జనానికి తెలియాలా వద్దా?”

“తెలిసిందిగా, ఎంపీడీవో అని!”

“ఎంపీడీవో అంటే?”

అంకమ్మరావు గరిటె ఆగిపోయేది. ఇప్పుడే విన్న ముక్క నాలుక చివర ఉన్నట్టే ఉండి దొరికేది కాదు. అతను ఆకాశంలోకి చూస్తూ వెతుక్కుంటూ ఉండగా ఇక్కడ పాలు పొంగి పొయ్యి మీద పడేవి. ఆ బడ్డీలో పాలు పొంగిన రోజుల్లో ముప్పాతిక మువ్వీసం అనంతపద్మనాభం గారి ఖాతాలోకే వెళతాయి.

ఆ బడ్డీ చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే రోడ్డు మీద, జిన్నింగు మిల్లు దాటాక వచ్చే దయాసదన్ ఆసుపత్రి గేటు పక్కన ఉంది. ఆసుపత్రిలో ఓపీ కౌంటరు చూసే సిస్టరు మహిమ డ్యూటీ ఎక్కేముందు అక్కడే నిలబడి టీ తాగేది. రోగుల తాలూకు మనుషులు చెంబులు పట్టుకుని వస్తే అంకమ్మరావు వేడినీళ్ళు పోసి పంపేవాడు. డబ్బులివ్వబోతే, “నీళ్ళు దేవుడియ్యి. నేను వెచ్చబెట్టానంతే, పో అమ్మా,” అనేవాడు. పొద్దున్నే కంటికి ఒక మంచి కనబడిందని మహిమ లోలోపల సంతోషపడేది. అంతలోనే పక్కనుంచి “అంటే?” అని వినబడేది. సంతోషం కాస్తా దిగిపోయేది. ఎందుకంటే, పత్రిక పూర్తయ్యాక ఆయన తిన్నగా వచ్చేది ఆమె కౌంటరు దగ్గరికే. ఆసుపత్రిలో నర్సులంతా ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు ‘అంటే తాతగారు’.

అసలు ఆయన పేరుతోనే చిక్కు. ఆసుపత్రి మందుల షాపులో కొత్తగా చేరినాయన ఒకసారి చనువుగా, “ఏపీ గారూ, రండి రండి,” అన్నాడు.

“ఏపీ అంటే రాష్ట్రం నాయనా. దానికి నదులుండాలి, సముద్రం ఉండాలి, జిల్లాలుండాలి. నాకేముంది? ఈ కండువా ఒకటి.”

పోనీ ‘పద్మనాభం గారూ’ అని సగానికి తగ్గిద్దామంటే దానికీ పలికేవారు కాదు. “అనంతుడంటే స్వామివారి పడక తల్లీ. పడక లాగేసి స్వామిని కటిక నేల మీద పడుకోబెడతావా? దేవుడికి వేయి నామాలున్నాయి, పూజ చేసే ఆయన ఒక్కటైనా కత్తిరిస్తాడా?” అని మహిమను అడిగారు ఒకనాడు. చర్చిలో పెరిగిన పిల్లయినా, దేవుణ్ణి నేల మీద పడుకోబెట్టిన పాపం తనకెందుకని ఆనాటి నుంచి ఆమె ఆ పేరు ఆసాంతం పలకడం మొదలుపెట్టింది. ఊపిరి చాలనప్పుడు ‘తాతగారూ’ అనేది. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఈ పిచ్చి ఆయనకు ఉద్యోగం అంటించింది. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ మాటకింత అని రేటు. జనం కత్తిరించీ కత్తిరించీ వార్తకు తలో తోకో మాత్రం మిగిల్చి పంపేవారు.

“ఒకాయన ‘మామగారు సీరియస్’ అని టెలిగ్రాం ఇచ్చాడమ్మా. కూతుళ్ళూ అల్లుళ్ళూ నాలుగు ఊళ్ళ నుంచి ఏడ్చుకుంటూ బస్సులు దిగారు. తీరా చూస్తే మామగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని పెసరట్టు తింటున్నాడు. ఎవరో తనతో చెప్పకుండా గేదెను అమ్మారట, అందుకని అందరి మీదా సీరియస్! ఇంకో మూడు మాటలు పెట్టుంటే అన్ని ఊళ్ళ ఏడుపు తప్పేది కదా? అన్నేళ్ళూ నా చేత్తో పంపిన తునకలన్నీ ఇప్పుడు అతికిస్తున్నాను.”

ఆయన దగ్గర ఇలాంటివి బస్తాలకొద్దీ ఉండేవి. గుడి కమిటీకి ‘రేపు ఏసీ రాక’ అని కబురొచ్చిన సంగతి చెప్పేటప్పుడు ఆయన బల్ల మీద నుంచి లేచి నిలబడేవారు. కబురు అందుకున్న కమిటీ పెద్ద మిరపకాయల వ్యాపారి. ఆయనకు ఏసీ అంటే కాయ దాచే కోల్డ్ స్టోరేజి. గుడికి కోల్డ్ స్టోరేజి ఎందుకబ్బా అని రాత్రంతా ఆలోచించి, ఓహో, భక్తులకు చల్లగాలి మిషను కాబోలు అని తేల్చుకుని, మిషను బిగించడానికి తెల్లారేసరికి గోడకు పెద్ద కన్నం కొట్టించాడు. పది గంటలకు జీపులో దిగిన దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనరు గారిని కమిటీ సభ్యులందరూ ఆ కన్నంలోంచే దర్శించుకున్నారు.

“అక్షరాలు అవే రెండు. అవి ఎక్కడ నిలబడ్డాయో చూసుకోవాలి,” అనేవారు ఆయన. “మన అంకమ్మరావే ఉన్నాడు. ఇక్కడ గరిటె పట్టుకుంటే టీ మాస్టరు. భజనలో తాళాలు పట్టుకుంటే గురువుగారు. ఇంటికెళితే?”

“ఇంటి సంగతి ఇప్పుడెందుకులెండి,” అనేవాడు అంకమ్మరావు నెమ్మదిగా.

“చూశావా అమ్మా, అక్కడ గొంతే లేదు!”

ఆయన తమ్ముడి మనవరాలు అన్విత హైదరాబాదులో చదువుకుంటోంది. ఆయన పుట్టినరోజు నాడు పొద్దున్నే ఫోనులో ‘హెచ్‌బీడీ తాతయ్యా’ అని పంపింది. ఆయన కంగారుగా ఫోన్ చేసి, “తల్లీ, హెచ్‌బీ అంటే హిమోగ్లోబిన్ కదా. డీ అంటే డౌనా? ఒంట్లో రక్తం తగ్గిందా? బీట్‌రూట్ తింటున్నావా?” అని బడ్డీ అదిరిపోయేలా అడిగారు. అది పుట్టినరోజు శుభాకాంక్షలని తెలిశాక, “అదిగో, ఎంత నిండుగా ఉంది! ఇదే ముందంటే నీ రక్తం గురించి ఇంత బెంగ పెట్టుకునేవాణ్ణా?” అన్నారు.

ఇదంతా బడ్డీ దగ్గరైతే సరదాగానే ఉండేది. మహిమ కష్టాలు గేటు దాటాక మొదలయ్యేవి.

ఆసుపత్రికి ఆయన వచ్చేది బీపీ చూపించుకోవడానికి. ఆ మాట ఆయన ముందు అనకూడదు, రక్తపు పోటు అనాలి. ఆయనకు ఏనాడూ అది పెరిగింది లేదు. పెరిగేదల్లా మహిమకే. చూపించుకున్నాక ఇంటికి వెళ్ళవచ్చు కదా, వెళ్ళరు. ఫ్యాను గాలి బాగుందని కౌంటరుకు ఎదురుగా మొదటి వరుస కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చునేవారు. ఆయన వెనక బెంచీల మీద ఓపీకి వచ్చినవాళ్ళంతా. ఆ కండువా ఒకటి, ఆయన భుజం మీద కుదురుగా ఉండేది కాదు. ఉండుండి వెనక్కి జారేది. ఆయన దాన్ని సర్దుకుని లేచేవారు. లేచారంటే ప్రశ్నే.

ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన పత్తి రైతుకు మహిమ చీటీ ఇస్తూ, “బీటీ, సీటీ చేయించుకుని రండి,” అంది. రైతు తల ఊపాడు. కండువా జారింది.

“బీటీ అంటే ఏమిటమ్మా?”

“తాతగారూ! మొన్ననే కదండీ చెప్పాను!”

“మొన్నటిది మొన్నే మర్చిపోయాను. పొలంలో బీటీ అంటే పత్తి విత్తనం. రోడ్లు వేసేవాళ్ళనడిగితే తారు రోడ్డంటారు. మీ దగ్గర ఏమిటో?”

“రక్తపరీక్షండీ! గుచ్చితే రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూసేది బీటీ. ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది సీటీ. ఆ మూల గదిలో చేస్తారు. చాలా?”

“చాలమ్మా. రక్తమన్నమాట, పత్తి కాదు.”

ఇంకోరోజు ఒకాయన భార్యను ఆటోలో తీసుకొచ్చాడు. “ఆవిణ్ణి ఐపీ చేస్తున్నాం, ఇక్కడ సంతకం పెట్టండి,” అంది మహిమ. ఆ మనిషి కలం అందుకోకుండా ఒకడుగు వెనక్కి వేశాడు. అనంతపద్మనాభం గారు కండువా సర్దుకుంటూ లేచారు.

“మన వైపు ఐపీ పెట్టడమంటే దివాలా తీయడం కదమ్మా. వైద్యం మొదలైనా పెట్టకుండానే దివాలా తీయిస్తారా?”

హాలు హాలంతా గొల్లుమంది. “ఇన్ పేషెంట్ తాతగారూ! మంచమిచ్చి ఇక్కడే ఉంచుకుంటాం!” అని మహిమ అరుస్తుండగానే లోపలి గది తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి పెద్ద డాక్టరు రెబ్కా గారు కళ్ళజోడు పైనుంచి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ తలుపు వేసుకున్నారు. ఆమె ఏమీ అనకపోతేనే అందరికీ భయం.

పొద్దున్న డ్యూటీకి ముందు సిబ్బందంతా నిలబడి చేసే ప్రార్థనలో మహిమ తన వంతుగా కళ్ళు మూసుకుని ఒకటే అడిగేది. “ప్రభువా, తాతగారికి మంచి ఆరోగ్యం ఇవ్వు. ఆ ఆరోగ్యంతో ఆయన్ని ఇంట్లోనే ఉంచు.”

చివరికి ఒక సోమవారం రెబ్కా గారు ఆమెను గదిలోకి పిలిచారు. గుంటూరు నుంచి సర్జను గారు శుక్రవారం శుక్రవారం వచ్చి ఆపరేషన్లు చేస్తారు. ఆయన వచ్చేసరికి రోగుల కాగితాలన్నీ సిద్ధంగా ఉండాలి. వరసగా రెండు వారాలు ఉండలేదు.

“నీ లైను తాబేలు నడక నడుస్తోంది మహిమా. ఈ శుక్రవారం ఆపరేషన్లు అనుకున్నట్టు జరగకపోతే నిన్ను కౌంటరు నుంచి తీసి దుప్పట్ల గదికి మార్చేస్తాను. అక్కడైతే నిన్ను ప్రశ్నలడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.”

దుప్పట్ల గది ఆసుపత్రి వెనక, చాకిరేవు పక్కన ఉంటుంది. ఉతికినవి మడతపెట్టి లెక్కగా వార్డులకు పంపడమే పని. మహిమకు మనుషులు కావాలి. ‘అక్కా’ అనో ‘సిస్టరమ్మా’ అనో పొద్దున్నుంచి పది గొంతులు పిలవకపోతే ఆమెకు అన్నం సయించదు. ఆ కౌంటరు కుర్చీ దొరకాలని ఎన్ని ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుందో ఆమెకూ ప్రభువుకూ తెలుసు. ఇక దుప్పట్లతో కబుర్లు చెప్పుకోవాలా?

మరునాడు పొద్దున్నే బడ్డీ దగ్గర ఆయన ఎదురుగా నిలబడింది.

“తాతగారూ, ఈ వారం మీరు లోపలికి రావద్దండి. ఓపీ రష్‌గా ఉంటుంది.”

“ఓపీ అంటే?”

“తాతగారూ! నన్ను దుప్పట్ల గదికి పంపించేస్తారటండీ. లైను కదలడం లేదట.”

అనంతపద్మనాభం గారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. “నా వల్లనా అమ్మా?”

మహిమ టీ గ్లాసులోకి చూసింది. అంకమ్మరావు కూడా పాలగిన్నెలోకి చూశాడు.

“సరే తల్లీ. శుక్రవారం దాటేదాకా గేటు లోపల అడుగుపెట్టను. కానీ ఒక్క మాట…” అంటూ ఆయన ఆసుపత్రి వరండాలో అప్పుడే చేరుతున్న జనం వైపు చూశారు. ఏదో చెప్పబోయి ఆగిపోయారు. “ఏం లేదులే. నీ కుర్చీ నీకు ఉండాలి.”

మంగళ, బుధ, గురువారాల్లో ఆ ఆసుపత్రిలో లైను ఎక్స్‌ప్రెస్ బండిలా పరుగెత్తింది. మహిమ చెప్పేది, జనం తల ఊపేవారు, తరువాతివాళ్ళు వచ్చేవారు. “అర్థమైందా?” అంటే “అర్థమైందమ్మా.” “తెలిసిందా?” అంటే “తెలిసిందమ్మా.” మధ్యాహ్నం అన్నం వేళకే కౌంటరు ఖాళీ. రెబ్కా గారు తలుపు తెరిచి చూసి, ఈసారి నవ్వి వేసుకున్నారు. మహిమ ప్రార్థనలో ధన్యవాదాలు చెప్పుకుంది. మొదటి వరుసలో కుర్చీ ఒకటి ఖాళీగా కనబడుతుంటే మాత్రం ఎందుకో అటు చూడబుద్ధి కాలేదు.

గురువారం పొద్దున్న నసీమున్నీసా వచ్చింది. ఆవిడ మిరపకాయల షెడ్లో తొడిమలు తీసే పనికి వెళుతుంది. వేళ్ళు ఎర్రబారి ఉంటాయి. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, నొప్పి వస్తే రెండు మడతలైపోతుంది.

“రేపే ఆపరేషన్. రాత్రి నుంచి ఎన్‌బీఎం ఉండాలి. సరేనా?”

“సరేనమ్మా,” అని నసీమున్నీసా తల ఊపి, పక్కకు ఒకసారి చూసి, వెళ్ళిపోయింది.

శుక్రవారం సర్జను గారు చేతులు కడుక్కుని వచ్చి, “ఏమ్మా, ఏమీ తినలేదు కదా?” అని అలవాటుగా అడిగారు.

“తిన్నానయ్యా,” అంది నసీమున్నీసా ధైర్యంగా. “ఇడ్లీలు తిన్నాను, పాలు తాగాను. ఆపరేషనంటే ఒంట్లో బలం ఉండాలిగా!”

ఆమె తరువాత ఇమ్మానుయేలు అనే ఇంకో పత్తి రైతు. ఆయనకు గిలక, అదే హెర్నియా, ఆపరేషన్. రక్తపరీక్ష కాగితాలేవని అడిగితే, సంచీలోంచి జాగ్రత్తగా విత్తనాల కొట్టు రసీదు తీసి ఇచ్చాడు. “బీటీది ఇదిగోనండి. సీటీ అంటే కొట్టువాడికి తెలీదంట. ఇంకో కొట్లో కూడా అడిగాను.”

సర్జను గారు తొడుక్కోబోయిన చేతి తొడుగులు పక్కన పడేశారు. రెబ్కా గారు చాలాసేపు బతిమాలితే, “సరే, రేపు పొద్దున్న గుంటూరులో పని మానుకుని వస్తాను. రేపు కూడా ఇదే అయితే మళ్ళీ పిలవకండి,” అని కారెక్కారు.

రెబ్కా గారు మహిమ వైపు తిరిగారు. “రేపటి దాకా చూస్తాను,” అన్నారంతే.

మహిమ కళ్ళనీళ్ళు ఆపుకుంటూ నసీమున్నీసా పక్కన కూలబడింది. “ఎన్‌బీఎం అన్నాను కదమ్మా! తల ఊపారు కదా!”

“ఊపానమ్మా.”

“అర్థం కానప్పుడు ఎందుకు ఊపారు?”

“పెద్దాయన అడుగుతారుగా అనుకున్నానమ్మా,” అంది నసీమున్నీసా. “ఇటు తిరిగితే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.”

“ఆయన అడిగితే మీకేమిటి?”

నసీమున్నీసా, ఇమ్మానుయేలు ముఖముఖాలు చూసుకున్నారు. ఇమ్మానుయేలే గొంతు తగ్గించి చెప్పాడు. “మేమంతా ఆయన వెనకే కూర్చుంటామమ్మా. మీరు చెప్పే మాట తెలియకపోతే ఆయన కండువా లాగుతాం. కొంచెం లాగితే చాలు. ఆయన లేచి, తనకే తెలియనట్టు అడుగుతారు. మీరు ఆయన్ని కేకలేస్తారు. మాకు తెలుస్తుంది.”

“నన్నడగచ్చు కదండీ?”

“అంత లైను ముందర? చదువుకున్న మీతో? ఎట్లా అడుగుతామమ్మా,” అంది నసీమున్నీసా. “ఆయన్నైతే మీరు ఏమన్నా పడతారు. పెద్ద మనసు.”

మహిమకు వరసగా జారిన కండువాలన్నీ కళ్ళ ముందు మెదిలాయి. అయినా, ఈ ఒక్కసారికి తానే చెప్పి చూద్దామనుకుంది. ఒక్కో మాటా విడమరిచి నసీమున్నీసాకు చెప్పింది. నసీమున్నీసా తల ఊపింది, నిన్నటిలాగే.

“ఏం చెప్పానో ఒకసారి చెప్పండి?”

“మీరు చెప్పిందేనమ్మా!”

మహిమ లేచి, కౌంటరు పక్క సిస్టరుకు అప్పజెప్పి, అనంతపద్మనాభం గారి ఇంటికి బయలుదేరింది. తలుపు తీసిన ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు మహిమ యూనిఫారం చూసి రెండు చేతులూ జోడించారు.

“వచ్చావా తల్లీ! ఈయన్ని తీసుకుపో. నాలుగు రోజుల నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. గ్యాసు బండ వస్తే ఎల్పీజీ అంటే ఏమిటని అడుగుతారు. టీవీ పెట్టబోతే టీవీ అంటే ఏమిటంటారు. కుక్కరు మూత మీదేవో అక్షరాలున్నాయని నన్ను నిలబెట్టారు, లోపల పప్పు కాస్తా మాడింది. కావాలంటే మధ్యాహ్నానికి క్యారేజీ కట్టి పంపిస్తాను గానీ, నువ్వు మాత్రం ఈయన్ని తీసుకుపో!”

లోపలి నుంచి ఆయన వచ్చారు. మహిమ సూటిగా అడిగింది. “కండువా సంగతి నాకెందుకు చెప్పలేదు తాతగారూ?”

ఆయన ముఖం దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా అయింది. “ఎవరికీ తెలియకూడదనే కదమ్మా వాళ్ళు దాన్ని లాగేది. నేనే చెబితే ఎట్లా?”

“దుప్పట్ల గది అన్నప్పుడైనా చెప్పాల్సింది.”

“చెబుదామనే నోరు తెరిచాను. మరి నీ కుర్చీ పోతుందన్నావు. వాళ్ళదీ అవసరమే, నీదీ అవసరమే. ఏం చేయాలో తోచలేదు తల్లీ,” అంటూ ఆయన కండువా కోసం చిలక్కొయ్య వైపు నడిచారు.

సాయంత్రం ఓపీ హాల్లో మొదటి వరుస కుర్చీ నిండింది. ఆయన కూర్చున్నారో లేదో వెనక బెంచీల మీద ఖాళీ లేకుండా జనం సర్దుకున్నారు. మహిమ కౌంటరులో నిలబడి, రేపటి ఆపరేషన్ల వాళ్ళు వినండంటూ, “రాత్రి నుంచి ఎన్‌బీఎం!” అంది. కండువా జారింది. ఈసారి ఆమె చూసింది. ఎర్రబారిన రెండు వేళ్ళు దాన్ని లాగి చటుక్కున వెనక్కి వెళ్ళాయి.

“ఎన్‌బీఎం అంటే ఏమిటమ్మా?”

“నోట్లో ఏమీ వేసుకోకూడదు తాతగారూ!”

“మంచినీళ్ళు?”

“కూడదు!”

“టీ? మన అంకమ్మరావు టీ ఎట్లాగూ నీళ్ళే కదా?”

“అదీ కూడదు!”

కండువా మళ్ళీ జారింది. “వక్కపొడి?”

“తాతగారూ! వక్కపొడి, ఆకు, పళ్ళపొడి మింగడం, ఏదీ కూడదు! తింటే మత్తిచ్చినప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది! ప్రమాదం!”

“ప్రసాదమైతే?”

“దేవుడు ఆపరేషన్ అయ్యాకే పెడతాడు!”

హాలంతా నవ్వింది. ఒక్క తలా ఊగలేదు. “వింటివా, వక్కపొడి కూడా వద్దంట,” అని నసీమున్నీసా పక్కన కూర్చున్నావిడకి చెబుతుంటే మహిమ విననట్టు కాగితాలు సర్దుకుంది. ఆ తరువాత బీటీ వంతు వచ్చింది. అది పత్తి కాదనీ, తారు రోడ్డు కాదనీ మరోసారి తేలింది. ఇమ్మానుయేలు మూల గదికి నడిచి చెయ్యి చాపాడు.

శనివారం ఆపరేషన్లన్నీ సాఫీగా జరిగాయి. సర్జను గారు వెళుతూ వెళుతూ, “వచ్చే శుక్రవారం కలుద్దాం,” అన్నారు. రెబ్కా గారు మహిమను పిలిచి, నిన్న సాయంత్రం తలుపు సందులోంచి తాను కూడా చూశానని చెప్పారు. “దుప్పట్ల గదికి వేరే ఎవరినైనా చూసుకుంటాను. లైను ఆలస్యమైతే అవనీ. ఆ మొదటి కుర్చీలో మాత్రం ఇంకెవరినీ కూర్చోనివ్వకు,” అన్నారు.

ఆదివారం చర్చిలో మహిమ కళ్ళు మూసుకుని తన పాత ప్రార్థనను దిద్దుకుంది. ఆరోగ్యం సంగతి అలాగే ఉంచమనీ, ఇంట్లో ఉంచమన్న ముక్క కొట్టేయమనీ అడిగింది.

సోమవారం ఆయన ఎప్పటిలాగే వచ్చారు. ఆమె ఎదురెళ్ళి రక్తపు పోటు చూసింది. ఫ్యాను ఆయన వైపు తిప్పింది. ఆయన లేచి “ఈసీజీ అంటే ఏమిటమ్మా?” అని అడిగితే, దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని, గుండె కొట్టుకునే తీరును గీతలుగా గీసే పరీక్ష అని తేనె పూసినట్టు చెప్పింది. మరో రెండు ప్రశ్నలకూ అంతే, నవ్వుతూ, మెల్లగా, గుసగుసగా. తాను ఇన్నాళ్ళూ విసుక్కున్నదంతా కడిగేసుకున్నట్టు ఆమెకు హాయిగా ఉంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక అనంతపద్మనాభం గారు కౌంటరు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, ముందుకు వంగారు.

“అమ్మాయ్, నాకొక సాయం చేసిపెట్టాలి.”

“చెప్పండి తాతగారూ, ఏం కావాలన్నా చేస్తాను.”

“ఇట్లా ముద్దుగా మాట్లాడకు తల్లీ, వెనక బెంచీల వాళ్ళకి ఒక్క ముక్క వినపడటం లేదట. పొద్దున్నుంచి లాగీ లాగీ నా కండువా చిరిగేట్టుంది. రేపటి నుంచి నన్ను మామూలుగానే కేకలెయ్యి. వీలైతే ఇదివరకటి కంటే ఇంకాస్త గట్టిగా.”